లారియోనోవ్‌కి ఎన్‌హెచ్‌ఎల్‌లో 644 పాయింట్లే కదా, మరి అంత గౌరవం ఎందుకు?

నీలిగీత:

ఐస్ హాకీ చూడడం మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. ఇప్పటి మ్యాచ్‌లు సరిపోక ఈమధ్య పాత డెట్రాయిట్ రెడ్ వింగ్స్ మ్యాచ్‌లు, ముఖ్యంగా 1995 నుంచి 2002 దాకా ఆడినవి, దొరికినవి దొరికినట్టు చూస్తున్నాను. అందులో 8వ నంబర్ జెర్సీ వేసుకున్న ఇగోర్ లారియోనోవ్ గురించి అందరూ మాట్లాడే తీరు నాకు అంతుపట్టడం లేదు. ఎవరి నోట విన్నా "ప్రొఫెసర్" అనే అంటారు. ఉత్తర అమెరికా లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆయన రికార్డు తీసి చూశాను. 921 మ్యాచ్‌లు, 169 గోల్స్, 475 అసిస్టులు (గోల్‌కి దారితీసిన పాస్‌లు), మొత్తం 644 పాయింట్లు. అదే జట్టులో ఆడిన సెర్గీ ఫెదొరోవ్‌కి 1,179 ఉన్నాయి. లారియోనోవ్ అంత వేగం ఉన్నవాడిలా కనిపించడు, బక్కపలచని మనిషి, ఎవరినీ గట్టిగా ఢీకొట్టడు, షాట్ చూసి గోలీ (గోల్‌కీపర్) భయపడేదీ లేదు. అయినా 2008లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు.

ఆయన్ని తక్కువ చేద్దామని అడగడం లేదు. ఇంతమంది అంటున్నారంటే నా కంటికి ఆననిది ఏదో ఉందనే అర్థం. అసలు ఆయన ఆటలో ఏం చూడాలి, ఏ మ్యాచ్‌తో మొదలుపెట్టాలి, తెలిసినవాళ్లు కాస్త ఓపిగ్గా చెప్పండి.

పాత రింక్:

మీరు చెప్పిన అంకెలు సరైనవే, కానీ ఆ లెక్క కథ సగంలో మొదలైంది. లారియోనోవ్ పుట్టింది 1960 డిసెంబర్‌లో. ఎన్‌హెచ్‌ఎల్‌లో మొదటి మ్యాచ్ ఆడింది 1989 అక్టోబర్‌లో, అంటే 29 నిండడానికి రెండు నెలల ముందు. ఫెదొరోవ్ 20 ఏళ్లకే అక్కడ ఆడడం మొదలుపెట్టాడు. ఇద్దరి పాయింట్లు పక్కపక్కన పెడితే, ఒకడి యవ్వనం అంతా లెక్కలో ఉంది, ఇంకొకడిది అసలు లేనే లేదు.

ఆ లేని భాగం ఏంటంటే, మాస్కో దగ్గర వాస్క్రెసెన్స్క్ అనే ఊరు, అక్కడో పెద్ద ఎరువుల ఫ్యాక్టరీ, ఆ ఊరి జట్టు పేరు ఖిమిక్, రష్యన్‌లో రసాయనవేత్త అని అర్థం. లారియోనోవ్ అక్కడే తయారయ్యాడు. 1981లో సైన్యం జట్టు సీఎస్‌కేఏకి వెళ్లాడు. ఆ రోజుల్లో సోవియట్ దేశంలో నిర్బంధ సైనిక సేవ ఉండేది కాబట్టి బాగా ఆడే కుర్రాడు ఏ జట్టులో ఉన్నా చివరికి సైన్యం జట్టు తలుపు తట్టాల్సిందే. అక్కడ కోచ్ విక్తర్ తిఖోనోవ్ అతన్ని వ్లాదిమిర్ క్రుతోవ్, సెర్గీ మకారోవ్‌ల మధ్య సెంటర్‌గా పెట్టాడు. వెనక డిఫెన్స్‌లో వ్యాచెస్లావ్ ఫెతిసోవ్, అలెక్సీ కసతోనోవ్. ముందు ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలు కలిపి ప్రపంచమంతా కేఎల్ఎం లైన్ అంటుంది. తెలుగులో రాసుకుంటే క, ల, మ. నాకు మాత్రం ఎప్పుడూ "కలం" అనే వినిపిస్తుంది, అది ఎందుకో కిందకి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

ఈ ఐదుగురూ కలిసి గెలవనిదంటూ పెద్దగా లేదు. 1984 సరయేవో ఒలింపిక్స్ స్వర్ణం, 1988 కాల్గరీ స్వర్ణం, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లు. వీళ్లు ఒక లైన్‌గా కుదురుకోక ముందే, 1981 కెనడా కప్ ఫైనల్లో కెనడాని వాళ్ల దేశంలోనే 8-1తో ఓడించిన జట్టులో 20 ఏళ్ల లారియోనోవ్ ఉన్నాడు. 1987 కెనడా కప్ ఫైనల్ మూడు మ్యాచ్‌లూ 6-5 స్కోరుతోనే ముగిశాయి, చివరిది గ్రెట్స్కీ పాస్ మీద లెమ్యూ కొట్టిన గోల్‌తో కెనడా గెలిచింది. ఓడిపోయినా సరే, ఆ మూడు మ్యాచ్‌లూ చూడండి. నా వరకు అంతకంటే మంచి హాకీ ఎక్కడా చూడలేదు.

ఇవన్నీ ఆ 644లో లేవు. హాల్ ఆఫ్ ఫేమ్ అనేది ఎన్‌హెచ్‌ఎల్ సొంత ఆస్తి కాదు, హాకీ మొత్తానిది.

ఇక ఆ కలం సంగతి. ఆ జట్టు ఆటగాళ్లు కాగితం మీద సైనిక అధికారులు. ఏడాదిలో ఎక్కువ భాగం మాస్కో శివార్లలో అర్ఖంగెల్స్కోయె అనే చోట శిక్షణ శిబిరంలోనే ఉండేవాళ్లు. పెళ్లైనవాళ్లు కూడా అనుమతి దొరికితేనే ఇంటికి వెళ్లి రావాలి. 1988లో లారియోనోవ్ ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు, దేశంలో ఆ ఏటి ఉత్తమ ఆటగాడి బహుమతి కూడా అతనికే వచ్చింది. చేతిలో అన్నీ ఉన్నాయి, నోరు మూసుకుని ఉంటే ఏ బాధా లేదు. అదే ఏడాది అక్టోబర్‌లో "ఒగొన్యోక్" అనే వారపత్రికలో తిఖోనోవ్‌ని ఉద్దేశించి బహిరంగ లేఖ రాశాడు. ఈ శిబిరం బతుకు గురించి, మనుషుల్ని నడిపే పద్ధతి గురించి, పేరు పెట్టి, సంతకం పెట్టి. గోర్బచోవ్ కాలం వచ్చి గాలి మారింది, నిజమే, కానీ తన జట్టు కోచే జాతీయ జట్టు కోచ్ కూడా అయినప్పుడు అలా రాయడం కొరివితో తల గోక్కోవడమే. అయినా రాశాడు.

నాకు లారియోనోవ్ అంటే గౌరవం అక్కడ మొదలైంది, ఆట చూసింది ఆ తర్వాతే.

చలికాలం:

పాత రింక్ గారు చెప్పినదాంట్లో చాలావరకు ఒప్పుకుంటాను, ఒక్క విషయం మాత్రం కలపాలి. ఈ కథ చెప్పినప్పుడల్లా తిఖోనోవ్‌ని రాక్షసుడిగా నిలబెట్టి వదిలేస్తారు. ఆయన చేతిలో సీఎస్‌కేఏ 1978 నుంచి 1989 దాకా వరసగా 12 సార్లు లీగ్ గెలిచింది. ఆ ఐదుగుర్ని కలిపింది ఆయనే, విడదీయకుండా ఏళ్ల తరబడి ఉంచిందీ ఆయనే. ఏ ఎన్‌హెచ్‌ఎల్ జట్టులోనూ ఐదుగురు అన్నేళ్లు, రోజూ, ఒకే మంచు మీద కలిసి ఆడిన సందర్భం లేదు. పక్కవాడు ఎక్కడుంటాడో చూడకుండానే తెలియడం అనేది ఊరికే రాదు. ఆ శిబిరం వాళ్ల జీవితాలని తినేసింది, వాళ్ల ఆటని పెంచిందీ అదే శిబిరం. రెండూ నిజాలే, ఒకటి చెప్పి రెండోది దాచకూడదు.

పాత రింక్:

చలికాలం గారూ, కలిపింది ఆయనే, ఒప్పుకున్నాను. కానీ ఆ మాట చెప్పేవాళ్లు అక్కడ ఆగిపోతారు. 1989 వసంతంలో ఏం జరిగిందో కూడా చెప్పాలి. ఎన్‌హెచ్‌ఎల్‌కి వెళ్తానని పట్టుబట్టినందుకు ఫెతిసోవ్‌ని జట్టుకి దూరం పెట్టారు. అప్పుడు లారియోనోవ్, మకారోవ్, క్రుతోవ్ టీవీలో కూర్చుని, కెప్టెన్ లేకపోతే మేమూ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కి వెళ్లం అని చెప్పారు. టీవీలో, దేశం మొత్తం చూస్తుండగా. ఫెతిసోవ్‌ని మళ్లీ తీసుకోక తప్పలేదు, స్టాక్‌హోమ్ వెళ్లారు, స్వర్ణంతో వచ్చారు. అదే టోర్నీ అయిపోగానే మొగిల్నీ అనే 20 ఏళ్ల కుర్రాడు జట్టుతో తిరిగి రాకుండా అమెరికా వెళ్లిపోయాడు. లారియోనోవ్ మాత్రం అలా పారిపోలేదు. ముందు తలుపు నుంచే వెళ్తాను అని పట్టుబట్టి, అదే వేసవిలో పద్ధతి ప్రకారం వాంకూవర్ వెళ్లాడు. వాంకూవర్ వాళ్లు అతన్ని 1985 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునే పద్ధతి) 214వ ఎంపికగా రాసి పెట్టుకున్నారు, వస్తాడని ఎవరూ అనుకుని ఉండరు.

ఇంకోటి. ఆ రోజుల్లో విదేశాల్లో ఆడే సోవియట్ ఆటగాళ్ల కోసం అక్కడి జట్లు సోవింటర్‌స్పోర్ట్ అనే ప్రభుత్వ సంస్థకి డబ్బు కట్టాలి. మూడేళ్లయ్యాక వాంకూవర్‌లో కొత్త ఒప్పందం అంటే మళ్లీ ఆ సంస్థకి డబ్బు వెళ్లే పరిస్థితి. 1991-92లో 65 పాయింట్లు చేసి మంచి ఊపులో ఉన్న మనిషి, వాళ్లకి ఇక పైసా వెళ్లకూడదని ఎన్‌హెచ్‌ఎల్‌నే వదిలి ఒక సీజన్ స్విట్జర్లాండ్‌లో లుగానో జట్టుకి ఆడాడు. నీలిగీత గారూ, మీ 644లో ఆ సంవత్సరం కూడా లేదు చూడండి.

ఎడమచేతి స్టిక్:

చరిత్ర బాగా చెప్పారు ఇద్దరూ. అడిగిన ప్రశ్నలో "ఏం చూడాలి" అని ఉంది, దానికి నేను చెబుతాను. నేను వారానికి రెండు రాత్రులు పెద్దవాళ్ల మామూలు లీగ్‌లో సెంటర్‌గా ఆడతాను, పెద్ద ఆటగాడిని కాదు గానీ లారియోనోవ్‌ని చూసి మార్చుకున్నవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, పక్ (ఆడే రబ్బరు బిళ్ల) అతని దగ్గరికి వచ్చే ముందు అతని తల చూడండి, పక్‌ని చూడకండి. భుజం మీదుగా ఒకసారి వెనక్కి, ఒకసారి అటు. పక్ స్టిక్‌కి తగిలే సమయానికి చుట్టూ ఎవరెక్కడున్నారో అతనికి తెలిసిపోయి ఉంటుంది. మనం పక్ అందుకున్నాక తల ఎత్తి వెతుకుతాం, ఆ అర సెకనులోనే డిఫెన్స్ మీద పడిపోతుంది. నేను ఇది అలవాటు చేసుకోవడానికి ఒక సీజన్ పట్టింది. మొదట్లో వెనక్కి చూస్తూ పక్ వదిలేసుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి.

రెండోది, బ్లూ లైన్ (ఎదుటి జట్టు భాగం మొదలయ్యే గీత) దగ్గర దారి మూసుకుపోతే అతను పక్‌ని లోపలికి విసిరి పరిగెత్తడు. ఉత్తర అమెరికా హాకీలో అప్పట్లో అదే మామూలు పద్ధతి, కొట్టి లోపలికి పంపు, వెంటపడు, గుద్ది తెచ్చుకో. అతను వెనక్కి తిరుగుతాడు, అవసరమైతే తమ సగంలోకి కూడా తీసుకుపోతాడు, మళ్లీ మొదలుపెడతాడు. చూసేవాళ్లకి వెనకడుగులా ఉంటుంది. పక్ మన దగ్గర ఉన్నంతసేపూ ఎదుటివాడు మన చుట్టూ తిరగాల్సిందే, అలాంటిదాన్ని చేతులారా ఎందుకు ఇచ్చేయాలి అన్నది ఆ సోవియట్ బడి ఆలోచన.

మూడోది, నాకు చాలా ఇష్టమైనది. పక్కగోడ దగ్గర పక్ పట్టుకుని ఆగిపోతాడు. ఊరికే ఆగుతాడు. ఎదుటి డిఫెన్స్‌మన్‌కి ఆ నిలబడిన మనిషిని చూస్తే చెయ్యి ఊరుకోదు, మీదకి వస్తాడు. వచ్చాడంటే అతను నిలబడిన చోటు ఖాళీ అయినట్టే కదా, పాస్ సరిగ్గా ఆ ఖాళీలోకి వెళుతుంది. అక్కడికి ఫెదొరోవో కొజ్లోవో అప్పటికే బయల్దేరి ఉంటారు. మీరు వేగం లేదన్నారే, అతనికి కాళ్లతో వేగంగా వెళ్లాల్సిన పని లేదు, పక్‌ని వేగంగా పంపిస్తే చాలు.

ఇదంతా ఒక్కచోట చూడాలంటే డెట్రాయిట్ రష్యన్ ఫైవ్. 1995 అక్టోబర్‌లో డెట్రాయిట్ కోచ్ స్కాటీ బౌమన్ అతన్ని సాన్ హోసే నుంచి తెచ్చి, ఫెదొరోవ్, కొజ్లోవ్, ఫెతిసోవ్, కాన్స్తాంతినోవ్‌లతో కలిపి ఐదుగుర్నీ ఒకేసారి మంచు మీదకి దింపాడు. మొదటిసారి కాల్గరీలో, డెట్రాయిట్ 3-0తో గెలిచింది. ఐదుగురూ సీఎస్‌కేఏలో ఆడినవాళ్లే, వేరే వేరే కాలాల్లో. ఆ సీజన్‌లో డెట్రాయిట్ 62 మ్యాచ్‌లు గెలిచింది, అప్పటికి అది లీగ్ రికార్డు. కొజ్లోవ్‌ది కూడా వాస్క్రెసెన్స్కే. ఒకే ఊరి మంచు మీద పెరిగిన ఇద్దరు, పదకొండేళ్ల తేడాతో, ప్రపంచంలో ఇంకో మూల ఒకే లైన్‌లో ఆడడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

నీలిగీత:

అందరికీ చాలా థ్యాంక్స్. ఇంత వస్తుందనుకోలేదు. ఎడమచేతి స్టిక్ గారు చెప్పినట్టు తల చూస్తూ నిన్న రాత్రి ఒక మ్యాచ్ మళ్లీ పెట్టాను, నిజంగా వేరే మ్యాచ్ చూసినట్టు ఉంది. ఇంతకుముందు నేను పక్ వెనకే కళ్లు తిప్పుతూ ఉన్నాను, అందుకే అతను ఏమీ చేయనట్టు కనిపించేవాడు.

ఇంకో ప్రశ్న. 1997లో డెట్రాయిట్ ఎన్‌హెచ్‌ఎల్ విజేతలకి ఇచ్చే స్టాన్లీ కప్పు గెలిచినప్పుడు కెప్టెన్ ఐజర్‌మన్ కప్పుని మొదట ఫెతిసోవ్‌కి ఇచ్చాడు, ఫెతిసోవ్, లారియోనోవ్ ఇద్దరూ కలిసి పట్టుకుని రింక్ చుట్టూ తిరిగారు. జట్టులో అంతమంది ఉండగా ముందు వీళ్లకే ఎందుకు?

పాత రింక్:

పైన చదివిందంతా తెలిసినవాళ్ల మధ్య జరిగిందది. డెట్రాయిట్‌కి 42 ఏళ్ల తర్వాత వచ్చిన కప్పు, 1955 తర్వాత అదే మొదటిది. ఫెతిసోవ్‌కి అప్పుడు 39, లారియోనోవ్‌కి 36. తక్కినవాళ్లకి ఇంకా అవకాశాలు ఉంటాయి, వీళ్లకి ఉండకపోవచ్చు, పైగా ఆ మంచు మీద నిలబడడానికే వీళ్లు ఎవరెవరితో పోరాడారో జట్టంతటికీ తెలుసు. ఆ ఆగస్టులో ఫెతిసోవ్, లారియోనోవ్, కొజ్లోవ్ కప్పుని రష్యా తీసుకెళ్లారు. స్టాన్లీ కప్ ఆ దేశంలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. ఎరువుల ఫ్యాక్టరీ ఉన్న ఆ వాస్క్రెసెన్స్క్‌కీ వెళ్లింది.

కానీ మధ్యలో జరిగిన ఘోరం చెప్పకుండా ఉండలేను. కప్పు గెలిచిన ఆరో రోజున, జూన్ 13న, ఆటగాళ్లు వెళ్తున్న లిమోజిన్ చెట్టుని గుద్దింది. అందులో ఫెతిసోవ్, కాన్స్తాంతినోవ్, జట్టు మసాజ్ నిపుణుడు మ్నత్సకానోవ్ ఉన్నారు. ఫెతిసోవ్ కోలుకున్నాడు. కాన్స్తాంతినోవ్ తలకి తగిలిన దెబ్బతో ఆట అక్కడితో ముగిసింది, 30 ఏళ్లకి. రష్యన్ ఫైవ్ కూడా అక్కడితో అయిపోయింది. తర్వాతి ఏడాది వాషింగ్టన్‌లో మళ్లీ కప్పు గెలిచాక అతన్ని చక్రాల కుర్చీలో మంచు మీదకి తెచ్చి కప్పు ఒళ్లో పెట్టారు, లారియోనోవ్, ఫెతిసోవ్ చెరో పక్కన. ఆ వీడియో నేను రెండుసార్లు చూశాను, మూడోసారి చూడలేదు.

చలికాలం:

నీలిగీత గారూ, ఒకే ఒక్క మ్యాచ్ చెప్పమంటే 2002 ఫైనల్ మూడో మ్యాచ్ చూడండి, డెట్రాయిట్, కరోలినా మధ్య. అందులో లారియోనోవ్‌కి 41 ఏళ్లు. ఒక గోల్ ముందే కొట్టాడు. ఆట అయిపోతుందనగా 1 నిమిషం 14 సెకన్లు ఉండగా బ్రెట్ హల్ స్కోరు సమం చేశాడు. తర్వాత ఓవర్‌టైమ్, రెండో ఓవర్‌టైమ్, మూడో ఓవర్‌టైమ్. మొత్తం 114 నిమిషాల 47 సెకన్ల ఆట. పాతికేళ్ల కుర్రాళ్ల కాళ్లే లేవడం లేదు. అప్పుడు పక్ లారియోనోవ్ దగ్గరికి వచ్చింది, గోల్ ఎదురుగా. ఎవరైనా వెంటనే కొట్టేస్తారు. అతను కొట్టలేదు. బేట్స్ బటాలియా అడ్డుకోవడానికి మంచు మీదకి జారాడు, లారియోనోవ్ అతను జారి దాటిపోయేదాకా ఆగి, పక్‌ని పక్కకి లాక్కుని, బ్యాక్‌హ్యాండ్‌తో గోలీ మీదుగా పైకి లేపాడు. ఫైనల్స్‌లో గోల్ కొట్టిన అతి పెద్ద వయసు ఆటగాడిగా నిలిచాడు. ఆ సిరీస్‌ని డెట్రాయిట్ 4-1తో గెలిచింది, అతనికి మూడో కప్పు.

గోలీ ఎవరో గమనించండి. ఆర్తూర్స్ ఇర్బే. లాత్వియా మనిషి, సోవియట్ జట్టులో లారియోనోవ్‌తో ఆడాడు, తర్వాత సాన్ హోసేలో కూడా ఇద్దరూ ఒకే జట్టు. లారియోనోవ్ తొందరపడడని ఇర్బేకి తెలియనిది కాదు. తెలిసినా ఏం చేయలేకపోయాడు.

ఎడమచేతి స్టిక్:

సాన్ హోసే మాట వచ్చింది కాబట్టి, ఆ రెండేళ్లు ఎవరూ మర్చిపోకూడదు. 1992-93లో ఆ జట్టుకి సీజన్ మొత్తానికి లీగ్ పట్టికలో 24 పాయింట్లు, 71 ఓటములు. మరుసటి ఏడాది లుగానో నుంచి లారియోనోవ్ వచ్చాడు, మకారోవ్ వచ్చాడు, 82 పాయింట్లు అయ్యాయి. ఇద్దరు ముసలి మిత్రులు, పాత కలంలో రెండు అక్షరాలు, కాలిఫోర్నియాలో మళ్లీ కలిశారు. ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లో డెట్రాయిట్‌నే ఏడు మ్యాచ్‌ల్లో ఇంటికి పంపారు. బౌమన్ ఆ దెబ్బ తిన్నాడు కాబట్టే ఏడాదిన్నర తర్వాత అతన్ని కొనుక్కున్నాడని నా నమ్మకం.

రిటైర్ అయింది 2004లో, 43 ఏళ్లకి, న్యూజెర్సీ జట్టులో. తర్వాత ఆటగాళ్లకి ఏజెంట్‌గా చేశాడు, ఆపైన కోచింగ్‌కి వచ్చాడు. 2022లో నిజ్నీ నొవ్‌గొరొద్‌లో టార్పెడో జట్టు పగ్గాలు పట్టుకున్నాడు, 2025లో సెయింట్ పీటర్స్‌బర్గ్ జట్టు ఎస్‌కేఏకి మారాడు. అతను కోచ్‌గా ఉన్నప్పటి టార్పెడో మ్యాచ్‌లు దొరికితే చూడండి, బ్లూ లైన్ దగ్గర దారి లేకపోతే కుర్రాళ్లు పక్‌ని విసిరేయకుండా వెనక్కి తిప్పడం కనిపిస్తుంది.

నీలిగీత:

మూడో ఓవర్‌టైమ్ ఇప్పుడే చూసి వచ్చాను. ఆ ఒక్క గోల్ నెమ్మదిగా తిప్పి తిప్పి చూశాను. బటాలియా నేల మీద జారుతున్నాడు, లారియోనోవ్ స్టిక్ ఇంకా పక్ మీదే ఉంది, భుజాలు కూడా కదలడం లేదు. అంత అలసటలో, అంత అరుపుల మధ్య ఆ ఆగడం చూసి నాకు ఒళ్లు జలదరించింది.

ఈ వారాంతం 1987 ఫైనల్ మూడు మ్యాచ్‌లూ, ఆ తర్వాత సాన్ హోసే, డెట్రాయిట్ ఏడో మ్యాచ్. చూశాక ఇక్కడే రాస్తాను.